కదలకుండానే డీజిల్ తాగే బండి

"యుద్ధ ట్యాంకు మైలేజీ ఎంత ఇస్తుంది?" అని చాలామంది అడుగుతుంటారు. అమెరికా వాడే ఎం1 ఏబ్రమ్స్ ట్యాంకులో సుమారు 1,900 లీటర్ల ఇంధనం పడుతుంది. ఫుల్ ట్యాంక్ కొట్టిస్తే మంచి రోడ్డు మీద 425 కిలోమీటర్లు వెళ్తుంది. అంటే కిలోమీటరుకు నాలుగున్నర లీటర్లు. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అనే మన లెక్క ఇక్కడ తిరగబడిపోతుంది.

యుద్ధం వల్ల గాలికీ నేలకూ జరిగే నష్టాన్ని అంచనా వేయాలంటే మాత్రం ఈ మైలేజీ అంకె పెద్దగా పనికిరాదు. ట్యాంకు ఆయుష్షులో ఎక్కువ భాగం నిలబడే గడుస్తుంది. ఇసుక దిబ్బ వెనకో, చెట్ల చాటునో, సరిహద్దు చెక్‌పోస్టు పక్కనో గంటల తరబడి ఆగి ఉంటుంది, ఇంజన్ మాత్రం ఆన్‌లోనే ఉంటుంది. అలా నిలబడి ఉన్న ఏబ్రమ్స్ గంటకు సుమారు 38 లీటర్లు తాగుతుంది. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపకుండా నిలిపిన మామూలు కారు గంటకు ముప్పావు లీటరు అటూఇటూగా తాగుతుంది. యాభై కార్లు కలిసి సిగ్నల్ దగ్గర తగలేసేంత ఇంధనాన్ని ఆ ఒక్క ట్యాంకు ఉన్నచోటే ఉండి తగలేస్తుందన్నమాట.

ఇంజన్ ఆపేయొచ్చు కదా అంటే, లోపల నలుగురు సైనికులు ఉంటారు. చీకట్లో మనిషి ఒంటి వేడిని పసిగట్టే థర్మల్ సైట్ పనిచేస్తూ ఉండాలి. గురి లెక్కించే కంప్యూటరు, రేడియోలు, విషవాయువును వడకట్టే ఫిల్టర్ ఫ్యాన్, ఇవన్నీ 24 వోల్టుల కరెంటు మీద నడుస్తాయి. నిలబడి కాపలా కాసేటప్పుడు వీటన్నిటికీ కలిపి రెండు మూడు కిలోవాట్లు చాలు. ఇంట్లో ఒక గీజర్, మహా అయితే దాంతోపాటు ఒక ఇస్త్రీపెట్టె.

ఇప్పుడు ఇంధనం వైపు నుంచి చూద్దాం. ఒక లీటరు డీజిల్‌లో గానీ కిరోసిన్ రకం ఇంధనంలో గానీ సుమారు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే ఇది, అంటే కిలోవాట్-అవర్. గంటకు 38 లీటర్లు కాల్చడమంటే 380 కిలోవాట్ల మంట నిరంతరం మండుతూ ఉండటం. పుచ్చుకునే ఉపయోగం మూడు కిలోవాట్లు. వంద రూపాయలు ఇస్తే ముప్పావలా కంటే కాస్త ఎక్కువ పని జరుగుతోంది. మిగతాదంతా వెనకవైపు జాలీలోంచి వేడిగాలిగా పోతుంది. కదులుతున్నప్పుడు ఆ గాలి 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది కాబట్టి, ఈ ట్యాంకు వెనక నడిచే కాల్బలానికి దూరం పాటించమని ప్రత్యేకంగా నేర్పిస్తారు.

ఇంత వృథాకు కారణం ఆ ఇంజన్ రకంలోనే ఉంది. ఏబ్రమ్స్‌లో ఉన్నది ఏజీటీ-1500 అనే గ్యాస్ టర్బైన్, 1,500 హార్స్‌పవర్. విమానం ఇంజన్‌కు దగ్గరి చుట్టం. టర్బైన్‌లో ముందు కంప్రెసర్ గాలిని లోపలికి లాగి నొక్కుతుంది, ఆ గాలిలో ఇంధనం మండుతుంది, వేడి వాయువు టర్బైన్ రెక్కలను తిప్పుతుంది. కంప్రెసర్‌ను తిప్పాల్సింది కూడా ఆ టర్బైనే. ఫుల్ లోడ్‌లో ఉన్నప్పుడే టర్బైన్ పుట్టించే శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు కంప్రెసర్‌కే పోతుంది. బయటికి వచ్చేది మిగిలిన ఒక వంతు.

లోడ్ తగ్గించినప్పుడు ఏమవుతుందో చూడండి. మంట వేడి తగ్గుతుంది. కంప్రెసర్ వేగం తగ్గి గాలిని నొక్కే నిష్పత్తి కూడా పడిపోతుంది. టర్బైన్ సామర్థ్యం నిలబడేది ఈ రెండింటి మీదే. రెండూ ఒకేసారి పడిపోతే సామర్థ్యం కుప్పకూలుతుంది. పోనీ కంప్రెసర్‌ను బాగా నెమ్మదిగా తిప్పుదామంటే మంట నిలవదు, ఇంజన్ ఆరిపోతుంది. అందుకని ఏ పనీ లేకపోయినా కంప్రెసర్ నిమిషానికి పదివేల చుట్లకు పైగా తిరుగుతూనే ఉండాలి. ఆ తిప్పుడుకే ఇంధనం. ఏజీటీ-1500లో ఈ నష్టం తగ్గించడానికి ఎగ్జాస్ట్ వేడిని పట్టి లోపలికొచ్చే గాలికి అందించే రిక్యుపరేటర్ కూడా పెట్టారు. అది ఉండీ గంటకు 38 లీటర్లు.

డీజిల్ ఇంజన్ దారి వేరు. దానికి గాలిని అదిమిపట్టే థ్రాటిల్ ఉండదు, ఎంత ఇంధనం చిమ్మితే అంత మంట. ఐడ్లింగ్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ ఊరికే తిరిగేటప్పుడు, నిమిషానికి ఏడెనిమిది వందల చుట్లు తిరుగుతూ, పిస్టన్ల రాపిడిని గెలవడానికి కావలసిన చుక్కలే తీసుకుంటుంది. జర్మనీ లెపర్డ్-2 ట్యాంకుకు కూడా 1,500 హార్స్‌పవరే, కానీ అది పన్నెండు సిలిండర్ల ఎంటీయూ డీజిల్ ఇంజన్. దానిలో పట్టే ఇంధనం సుమారు 1,160 లీటర్లు, వెళ్లే దూరం ఇంచుమించు ఏబ్రమ్స్ అంతే. ఒకే బలం, దగ్గర దగ్గరగా ఒకే బరువు, ఒకే దూరం. తేడా 700 లీటర్లకు పైనే.

టర్బైన్‌కు మంచి గుణాలూ ఉన్నాయి. చిన్న పెట్టెలో పెద్ద బలం, గట్టి చలిలోనూ త్వరగా స్టార్ట్ అవ్వడం, డీజిల్, కిరోసిన్, పెట్రోల్ ఏది పోసినా నడవడం. రష్యా టీ-80 కూడా టర్బైన్‌తోనే వచ్చింది. 1994 డిసెంబరు 31న చెచెన్యా రాజధాని గ్రోజ్నీలోకి వెళ్లిన రష్యా ట్యాంకుల్లో టీ-80లు ఉన్నాయి. వీధుల్లో ఆగి ఉన్నప్పుడు కూడా టర్బైన్ ఇంధనం తాగుతూనే ఉంటుందన్న సంగతి అక్కడ ప్రాణాల మీదికి తెచ్చింది. అంతకు ముందే వచ్చిన టీ-80యూ రకంలో 18 కిలోవాట్ల చిన్న సహాయక జనరేటర్ పెట్టడం, టీ-80యూడీలో ఏకంగా డీజిల్ ఇంజన్‌కు మారడం ఈ రోగానికి మందులే.

మన దగ్గర సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో తయారయ్యే బీఎంపీ-2 'శరత్', అంటే సైనికులను మోసుకెళ్లే కవచ వాహనం, పూర్తిగా డీజిల్ బండి. 300 హార్స్‌పవర్, 14 టన్నులు, 462 లీటర్లతో 600 కిలోమీటర్లు. లీటరుకు 1.3 కిలోమీటర్లన్నమాట. ఇనుప బండికి అది మంచి లెక్కే. దీని వెనక తలుపులు బోలుగా ఉంటాయి, కొంత ఇంధనాన్ని వాటిలోనే నింపుతారు.

ఇక్కడ పాఠాల గురించి ఒక మాట. "డీజిల్ ఇంజన్ సామర్థ్యం 40 శాతం" అని బడిలో ఒకే అంకె చెప్పి ముందుకు పోతారు. అది ఇంజన్ తన శక్తిలో ఎక్కువ భాగం ఇస్తూ ఉన్నప్పటి అంకె. ఊరికే తిరుగుతున్న ఇంజన్ సామర్థ్యం సున్నా, అది ఎంత గొప్ప ఇంజనైనా సరే. చేసిన పని సున్నా అయినప్పుడు దాన్ని దేంతో భాగించినా సున్నాయే. లోడ్ పెరిగేకొద్దీ సామర్థ్యం ఎలా పెరుగుతుందో గీసి చూపించే ఒక్క గ్రాఫ్ పదో తరగతి పుస్తకంలో ఉంటే, సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపాలా వద్దా అన్నది పిల్లలే ఇంట్లో పెద్దవాళ్లకు చెబుతారు. ఆపితే మళ్లీ స్టార్ట్ చేయడానికే ఎక్కువ పెట్రోల్ పోతుందనే నమ్మకం ఇంకా చాలామందిలో ఉంది. ఇప్పటి కార్లలో అర నిమిషం ఆగేటట్టుంటే ఆపడమే లాభం.

ఒక రాత్రి లెక్క వేద్దాం. అమెరికా ట్యాంకు కంపెనీలో 14 ట్యాంకులు ఉంటాయి. పది గంటలు ఇంజన్లు ఆపకుండా కాపలా కాస్తే ఒక్కోటి 380 లీటర్లు, మొత్తం 5,320 లీటర్లు. లీటరుకు రెండున్నర కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున పదమూడు టన్నులకు పైగా గాలిలోకి పోతుంది. ఒక్క గుండు పేలలేదు, ఒక్క చక్రం తిరగలేదు.

ఆ 5,320 లీటర్లు అక్కడికి నడిచి రాలేదు. హెమ్‌ట్ అనే ఎనిమిది చక్రాల ట్యాంకర్ లారీ సుమారు 9,460 లీటర్లు మోస్తుంది, అంటే ఐదు ఏబ్రమ్స్‌లకు ఫుల్ ట్యాంక్. ఆ లారీ కిలోమీటరుకు దాదాపు 0.9 లీటరు తాగుతుంది. డిపో 300 కిలోమీటర్ల దూరంలో ఉందనుకుందాం. రాను పోను 600 కిలోమీటర్లకు 540 లీటర్లు. ఒక్కో లారీకి ఒక కాపలా బండిని జతచేస్తే ఇంకో నాలుగైదు వందలు. మోసుకొచ్చిన దానిలో పదో వంతు దారిలోనే ఆవిరి. కాపలా బండ్లు తాగేదాన్ని మోయడానికి ఇంకో లారీ, దానికి మళ్లీ కాపలా. ప్రాణాల లెక్క ఇంకా బరువు. 2007 నాటి ఆఫ్ఘనిస్తాన్ వివరాల మీద అమెరికా సైన్యం సొంతంగా చేయించుకున్న అధ్యయనంలో ప్రతి 24 ఇంధన కాన్వాయ్‌లకు సగటున ఒకరు చనిపోవడమో గాయపడటమో జరిగిందని తేలింది.

పొగ సంగతి కూడా చెప్పాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి మన బంకుల్లో దొరికే బీఎస్-6 డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లలో 10 పాళ్లు మించకూడదు. నాటో దేశాలు విమానాలకూ ట్యాంకులకూ ఉమ్మడిగా వాడే జేపీ-8 ఇంధనంలో 3,000 పాళ్ల వరకు అనుమతి ఉంది. ఈ గంధకం మండి సల్ఫర్ డయాక్సైడ్‌గా, పొగను శుభ్రం చేసే ఉత్ప్రేరకం మీద ఇంకా మండి సల్ఫేటుగా మారి ఆ ఉత్ప్రేరకానికే పూతలా పట్టేస్తుంది, మసి పట్టే ఫిల్టరును మూసేస్తుంది. అందుకే లారీలకు తప్పనిసరైన ఆ ఫిల్టర్లను యుద్ధ వాహనాలకు బిగించరు, ఉద్గార నిబంధనల నుంచి వాటికి మినహాయింపు ఉంటుంది. మరో చిక్కు కూడా ఉంది. ఫిల్టరులో పట్టిన మసిని కాల్చేయడానికి ఎగ్జాస్ట్ వేడిని పెంచాలి, అలా పెంచితే శత్రువు థర్మల్ సైట్‌లో బండి దీపంలా కనిపిస్తుంది.

ఇంత తలనొప్పి దేనికి, ట్యాంకును కరెంటు మీదే నడిపితే సరిపోదా? కార్లు నడుస్తున్నాయి కదా. లెపర్డ్ లెక్కే తీసుకుందాం. 1,160 లీటర్లలో 11,600 యూనిట్లు ఉంటాయి. ఇంజన్ సామర్థ్యం 37 శాతం అనుకుంటే చక్రాల వైపు వెళ్లేది సుమారు 4,300 యూనిట్లు. మోటార్లు 90 శాతం సామర్థ్యంతో పనిచేస్తాయి కాబట్టి బ్యాటరీలో 4,800 యూనిట్లు కావాలి. నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి అది రెండేళ్ల కరెంటు. ఇప్పటి లిథియం బ్యాటరీ పెట్టెలో కిలోకు 0.17 యూనిట్లు పడతాయి అనుకుంటే బరువు 28 టన్నులు. అరవై టన్నుల ట్యాంకు మీద మరో 28 టన్నులు ఎక్కిస్తే చాలా వంతెనలు దాన్ని మోయలేవు. ఆ బరువును లాగడానికి మళ్లీ ఇంకొంత బ్యాటరీ కావాలి.

బరువును ఎలాగో భరించినా ఛార్జింగ్ దగ్గర బండి ఆగిపోతుంది. హైవే పక్కన ఉండే 350 కిలోవాట్ల వేగవంతమైన ఛార్జర్‌తో ఒక్క ట్యాంకును నింపడానికి దాదాపు 14 గంటలు పడుతుంది. పద్నాలుగు ట్యాంకులనూ ఒక గంటలో నింపాలంటే 67 మెగావాట్లు కావాలి, అది ఒక పట్టణానికి సరిపోయే లోడ్. యుద్ధభూమిలో ముందు తెగిపోయేవి కరెంటు తీగలే. దీనికి పక్కన మన పెట్రోల్ బంకు నాజిల్‌ను పెట్టి చూడండి. నిమిషానికి 40 లీటర్లు పోస్తుంది. అంటే నిమిషానికి 400 యూనిట్లు, గంట లెక్కలో 24 మెగావాట్లు. బంకులో కుర్రాడు ఒంటి చేత్తో పట్టుకున్న ఆ గొట్టంలోంచి 24 మెగావాట్లు ప్రవహిస్తున్నాయి. ద్రవ ఇంధనాన్ని సైన్యాలు ఎందుకు వదలలేకపోతున్నాయో ఈ ఒక్క పోలికతో అర్థమవుతుంది.

బ్యాటరీ మీద నిజంగా యుద్ధానికి సిద్ధపడిన వాహనాన్ని చూడాలంటే విశాఖ ఆర్కే బీచ్‌కు వెళ్లండి. అక్కడి ఐఎన్ఎస్ కుర్సురా 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన ఫాక్స్‌ట్రాట్ తరగతి జలాంతర్గామి. మూడు డీజిల్ ఇంజన్లు, మూడు ఎలక్ట్రిక్ మోటార్లు, వాటి మధ్య వందల కొద్దీ లెడ్-యాసిడ్ సెల్‌లు. నీటి అడుగున గాలి లేదు కాబట్టి డీజిల్ మండదు, బ్యాటరీయే గతి. ఛార్జ్ దిగాక పైకి వచ్చి, లేదా గాలి పీల్చుకునే స్నార్కెల్ గొట్టాన్ని నీటి పైకెత్తి, డీజిల్ ఇంజన్లతో మళ్లీ నింపుకోవాలి. నింపేటప్పుడు సెల్‌ల నుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది 4 శాతం చేరితే ఒక నిప్పురవ్వ చాలు. సముద్రపు నీరు లోపలికి చేరి ఆమ్లంతో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. కాబట్టి బ్యాటరీ గది గాలిని కనిపెట్టుకుని ఉండటం, నీరు చేరకుండా చూడటం రోజూ ఉండే పని.

ట్యాంకులో కూడా బ్యాటరీలు ఉంటాయి, కాకపోతే చిన్నవి. 12 వోల్టులు, 120 ఆంపియర్-అవర్ బ్యాటరీలు ఆరు ఉన్నాయనుకుందాం. రెండేసి వరసగా కలిపి మూడు జతలు. 24 వోల్టులు, 360 ఆంపియర్-అవర్లు. గుణిస్తే 8.6 యూనిట్లు. మన ఇన్వర్టర్ బ్యాటరీలు ఐదు కలిపితే ఎంతో ఇంచుమించు అంత. కానీ ఆ 120 అనే అంకె ఇరవై గంటలపాటు నెమ్మదిగా తీసుకుంటే వచ్చేది. రెండు కిలోవాట్లు లాగితే 80 ఆంపియర్లకు పైగా పోతుంది, అంత వేగంగా తీస్తే బ్యాటరీ అంత ఇవ్వదు. సగానికి మించి దించితే పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా పేరుకుపోతుంది, తర్వాత ఎంత ఛార్జ్ పెట్టినా ఎక్కదు. దీన్నే మెకానిక్‌లు సల్ఫేషన్ అంటారు. పైగా తెల్లవారి సెల్ఫ్ కొట్టడానికి వందల ఆంపియర్లు మిగిల్చి ఉంచాలి. ఇవన్నీ తీసేస్తే ఇంజన్ ఆపి కాపలా కాయగలిగేది రెండు గంటలు. అది దాటాక సెల్ఫ్ తీసుకోకపోతే పక్క ట్యాంకు నుంచి లావుపాటి కేబుల్ వేసి లేపాలి. శత్రువు ఎదురుగా ఉన్నప్పుడు అలా చిక్కుకుపోవడానికి ఏ కమాండరూ ఒప్పుకోడు. ఇంజన్ ఆపకపోవడానికి అసలు కారణం ఇదే. బ్యాటరీని సిమెంటు నేల మీద పెడితే ఛార్జ్ దిగిపోతుందని మన దగ్గర చెక్క మీద పెడతారు. ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాల బ్యాటరీలకు నేలతో ఏ సంబంధమూ లేదు, వాటిని చంపేది ఈ లోతైన డిశ్చార్జే.

అందుచేత మొత్తం ట్యాంకును కరెంటు బండిగా మార్చే ప్రయత్నం కంటే ఆ రాత్రి కాపలాను కరెంటు మీదికి మార్చడం ఎంతో తేలిక. ఇంజన్‌నూ కరెంటు మోటార్లనూ కలిపి వాడే హైబ్రిడ్ ఆలోచన కొత్తదేమీ కాదు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ తయారుచేసిన 65 టన్నుల 'ఫెర్డినాండ్' యుద్ధ వాహనంలో పెట్రోల్ ఇంజన్లు జనరేటర్లను తిప్పేవి, ఆ కరెంటుతో మోటార్లు ట్రాకులను తిప్పేవి. బ్యాటరీలో దాచుకునే ఏర్పాటు అందులో లేదు, రాగి మాత్రం టన్నుల కొద్దీ పట్టేది. 2022లో జనరల్ డైనమిక్స్ సంస్థ చూపించిన ఏబ్రమ్స్-ఎక్స్ నమూనా హైబ్రిడ్ బండి. ఇంధనం సగానికి తగ్గుతుందని తయారీదారు మాట.

దీనంతటికీ ఒక ఎదురు ప్రశ్న ఉంది. 1991లో కువైట్ నుంచి వెనక్కి వెళ్తూ ఇరాక్ సైన్యం 600కు పైగా చమురు బావులకు నిప్పు పెట్టింది. రోజుకు 40 లక్షల బ్యారెళ్లకు పైగా, అంటే 60 కోట్ల లీటర్లకు మించి మండింది. కాలకుండా కారినది ఎడారిలో చమురు చెరువులుగా నిలిచింది. దాని ముందు 5,320 లీటర్లు లెక్కలోకి వస్తాయా? రావు. కానీ కువైట్ పొగను ప్రపంచమంతా చూసింది. చివరి బావిని 1991 నవంబరు 6న మూశారు. ఆ యుద్ధ నష్టాలకు ఐక్యరాజ్యసమితి కమిషన్ 5,240 కోట్ల డాలర్ల పరిహారం తేల్చింది, ఇరాక్ ఆఖరి వాయిదాను 2022లో కట్టింది. నిలబడి తాగే ఇంధనానికి ఇలాంటి పద్దు లేదు. అది యుద్ధం లేని రోజుల్లోనూ, శిక్షణ మైదానాల్లోనూ, సరిహద్దుల్లోనూ ఏడాది పొడవునా నడుస్తూనే ఉంటుంది. 1997లో వాతావరణ మార్పు మీద క్యోటో ఒప్పందం కుదిరినప్పుడు దేశాలు ఉమ్మడిగా జరిపే సైనిక చర్యల ఉద్గారాలను ఏ దేశం ఖాతాలోనూ కలపక్కర్లేదన్నారు. 2015 పారిస్ ఒప్పందంలో ఆ మినహాయింపు పేరు లేదు, అలాగని సైన్యం వాటాను విడిగా చూపించి తీరాలన్న షరతు కూడా లేదు.

మళ్లీ ఆ ఆరు బ్యాటరీల దగ్గరికి వద్దాం. ఒక్కోటి సుమారు 40 కిలోలు, మొత్తం 240 కిలోలు. వాటి స్థానంలో అంతే బరువున్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెడితే, కిలోకు 0.12 యూనిట్ల చొప్పున 29 యూనిట్లు. ఎనభై శాతం దించినా దానికి హాని లేదు కాబట్టి వాడుకునేది 23 యూనిట్లు. రెండు కిలోవాట్ల లోడ్‌కు పదకొండు గంటలు, అంటే రాత్రంతా. ఉదయం బండి కదిలాక, ఇంజన్ మంచి లోడ్‌లో ఉన్నప్పుడు, జనరేటర్ నష్టాలన్నీ కలిపినా పది పన్నెండు లీటర్లతో అది మళ్లీ నిండుతుంది. 380 లీటర్ల చోట పన్నెండు. ఈ రకం బ్యాటరీలు పాత పెట్టె కొలతల్లోనే ఇప్పటికే తయారవుతున్నాయి.

ఇందులో ఒక్క చిక్కు మిగులుతుంది, అది చలి. లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే లిథియం లోపలి పలకలోకి ఇంకకుండా దాని మీద లోహంగా పేరుకుంటుంది, అది ముళ్లలా పెరిగి లోపలే షార్ట్ అవుతుంది. మన సైన్యం 2020 నుంచి తూర్పు లడఖ్‌లో టీ-72, టీ-90 ట్యాంకులను నిలిపి ఉంచింది. అక్కడ మామూలు డీజిలే గడ్డకడుతుంది, ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా పారే ప్రత్యేక శీతాకాలపు డీజిల్‌ను అక్కడి కోసం తెచ్చింది. అలాంటి చోట రాత్రిపూట ఇంజన్లను మధ్యమధ్యలో లేపుతూ ఉండాల్సి వస్తుంది, లేకపోతే ఆయిల్ చిక్కబడి తెల్లవారేసరికి మొరాయిస్తాయి. అక్కడ బ్యాటరీ పెట్టెకు ముందుగా కావలసింది వెచ్చదనం. ఇంజన్ కూలంట్‌ను వేడిచేసే చిన్న డీజిల్ హీటర్ నుంచి ఒక గొట్టాన్ని బ్యాటరీ పెట్టె చుట్టూ తిప్పితే ఇంజన్, బ్యాటరీ రెండూ వెచ్చగా ఉంటాయి. అలాంటి హీటర్ గంటకు తాగేది ఒకటి రెండు లీటర్లు.